గుంజ నిలిచేది గోతిలో

నరసరావుపేటలో ఒక ఆదివారం మధ్యాహ్నం. పంటి ఆసుపత్రి మూసి ఉంది. లోపలి గదిలో చిన్న బల్లకు బిగించిన వైస్‌లో గొర్రె తుంటి ఎముక నిలబడి ఉంది. పొద్దున్నే మాంసం కొట్టు నుంచి తెచ్చి, కండ గీకేసి, సెలైన్‌లో నానబెట్టిన ఎముక అది. డాక్టరు ఒకప్పుడు నా దగ్గర తొమ్మిది, పది తరగతుల్లో ఫిజిక్స్ చదువుకున్నవాడు. కొత్త పనిముట్టు ఏది కొన్నా మనిషి నోట్లో పెట్టే ముందు ఇలా ఎముక మీద చెయ్యి అలవాటు చేసుకుంటాడు. "మాస్టారూ, ఒకే ఎముకలో నాలుగు గుంతలు నాలుగు పద్ధతుల్లో తవ్వుతాను. తర్వాత నిలువునా కోసి లోపల ఎలా ఉందో చూద్దాం. మీకు నచ్చుతుంది, రండి" అని ఫోన్ చేశాడు.

నేను వెళ్ళడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా మేనల్లుడు పిడుగురాళ్ళ దగ్గర బండి మీద నుంచి పడి పై ముందు పన్ను ఒకటి పోగొట్టుకున్నాడు. విరిగిన వేరు తీసేసి నాలుగు నెలలైంది. ఆ ఖాళీలో ఇంప్లాంట్ పెట్టబోయేది ఈ డాక్టరే. అంతకు ముందు వారం అందరూ అడిగే ప్రశ్నే నేనూ అడిగాను, ఏ కంపెనీ స్క్రూ వేస్తావు బాబూ అని. "స్క్రూ సంగతి కంపెనీవాళ్ళు చూసుకుంటారు మాస్టారూ. గుంత సంగతి నేను చూసుకోవాలి" అన్నాడు. ఆ మాట పట్టుకునే ఆదివారం దాకా ఆలోచిస్తూ ఉన్నాను.

గొడ్లున్న ఇంట్లో పెరిగినవాళ్ళకు అది తెలియని విషయం కాదు. గుంజ పాతడానికి రెండు దారులున్నాయి. గునపంతో గొయ్యి తవ్వి, మట్టి బయటికి తీసి, గుంజ దించి, చుట్టూ మళ్ళీ మట్టి కూరి దిమ్మిస వేయడం ఒకటి. మొన చెక్కిన గుంజను నేరుగా నేలలోకి దిగ్గొట్టడం రెండోది. ఇందులో మట్టి ఎక్కడికీ పోదు. పక్కలకు జరిగి, గట్టిపడి, గుంజను నాలుగు వైపులా నొక్కి పట్టుకుంటుంది. ఏ దారి పట్టాలో నేల చెబుతుంది. పదునున్న నల్లరేగడిలో దిగ్గొట్టిన గుంజ ఎద్దు లాగినా కదలదు. మాచర్ల వైపు జానెడు మట్టి కింద నాపరాయి తగిలే చోట అదే పని చేస్తే గుంజ చీలుతుంది, లేదంటే రాయి పగులుతుంది. అక్కడ తవ్వాల్సిందే. దవడ ఎముకలో గుంత చేసే పద్ధతులన్నీ ఈ రెండు దారుల మధ్యనే ఎక్కడో ఒకచోట ఉంటాయి.

ముందు ఆ గుంతలో నిలబడేదాన్ని చూద్దాం. ముందు పంటి ఇంప్లాంట్ అంటే మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల లావు, పది పన్నెండు మిల్లీమీటర్ల పొడవున్న టైటానియం మరమేకు. మొన వైపు కాస్త సన్నబడుతుంది. ఒంటి నిండా మరచుట్లు. ఆ చుట్ల మీద సన్నటి రవ్వతో కొట్టి, ఆమ్లంలో ముంచి తెచ్చిన గరుకుదనం ఉంటుంది, చేతికి అందదు, సూక్ష్మదర్శినిలో గుంటలు గుంటలుగా కనిపిస్తుంది. తలలో లోపలి మర ఉంటుంది. తర్వాత పన్ను కూర్చునే దిమ్మెను అందులో బిగిస్తారు.

1950ల్లో స్వీడన్‌లో పెర్ ఇంగ్వార్ బ్రానెమార్క్ కుందేలు ఎముకలో రక్తప్రసారం చూడటానికి ఒక టైటానియం గొట్టాన్ని అమర్చాడు. పని అయ్యాక తీయబోతే రాలేదు. ఎముక దాన్ని తన ఒంట్లో భాగంలా పట్టేసుకుంది. ఆ పట్టుకే ఆయన ఆసియోఇంటిగ్రేషన్ అని పేరు పెట్టాడు. 1965లో యోస్టా లార్సన్ అనే మనిషికి కింది దవడలో తొలి ఇంప్లాంట్లు వేశాడు. 2006లో లార్సన్ పోయేదాకా, అంటే నలభై ఏళ్ళకు పైగా, అవి పనిచేశాయి.

అయితే ఎముక అలా పట్టేసుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది. అందాకా మరమేకు నిలబడాల్సింది కేవలం బిగింపు మీద, మరచుట్లకూ గుంత గోడకూ మధ్య ఒరిపిడి మీద. ఇది మొదటి పట్టు. జీవమున్న ఎముక మరచుట్లను చేరి అతుక్కోవడం రెండో పట్టు. మొదటిది తొలిరోజు నుంచే తగ్గడం మొదలవుతుంది, ఎందుకంటే కోతకూ ఒత్తిడికీ దెబ్బతిన్న ఎముకను శరీరం కణకణంగా తొలగించుకుంటుంది. రెండోది సున్నా నుంచి మెల్లగా లేస్తుంది. ఒకటి దిగుతూ, ఒకటి ఎక్కుతూ ఉండగా మధ్యలో, మూడు నాలుగు వారాల దగ్గర, రెండూ కలిపినా బలం తక్కువగా ఉండే రోజులు వస్తాయి. ఇంప్లాంట్ కదిలిపోయే ముప్పు ఎక్కువ ఉన్నది ఆ రోజుల్లోనే. ఎముకకూ లోహానికీ మధ్య మిల్లీమీటరులో పదో వంతు, అంతకు కొంచెం ఎక్కువ కదలిక ఉంటే చాలు, అక్కడ ఎముక రాదు, మెత్తటి పీచు కండ వస్తుంది. బ్రానెమార్క్ కాలంలో పై దవడలో వేసిన ఇంప్లాంట్ మీద చిగురు కప్పి ఆరు నెలలు ఆగింది అందుకే. ఇప్పుడు ముందు పన్ను పోయినవాళ్ళు ఆరు నెలలు బోసినోటితో తిరగడానికి ఒప్పుకోరు. అదే రోజు తాత్కాలిక పన్ను కావాలంటారు. కాబట్టి మొదటి పట్టు మీద భారం పెరిగింది. మొదటి పట్టు ఎంత గట్టిదో తేల్చేది గుంత.

పై ముందు పళ్ళ చోటు చూడటానికి అందుబాటుగా ఉంటుంది, పని చేయడానికి మాత్రం ఇరుకు. అంగిలి వైపు ఎముక మందంగా, గట్టిగా ఉంటుంది. పెదవి వైపు గోడ చాలామందిలో 1 మిల్లీమీటరు మందం కూడా ఉండదు. ఆ పలచటి గోడలో ఎక్కువ భాగం పంటి వేరును పట్టుకోవడానికే పుట్టిన ఎముక. పన్ను పోతే దానికి పనీ పోతుంది, వేరు పొర నుంచి అందే రక్తమూ పోతుంది, కరిగిపోతుంది. పన్ను తీసిన కొన్ని నెలలకు పెదవి కింద దవడ లోపలికి కుంగినట్టు కనిపించేది అందుకే. లోతుకు పోదామంటే పైన ముక్కు అడుగు అడ్డం. వెనక్కి జరుగుదామంటే రెండు ముందు పళ్ళ వెనక నరమూ రక్తనాళాలూ దిగే సన్నని కాలువ ఉంది. పక్క పళ్ళ వేళ్ళకు 1.5 మిల్లీమీటర్ల ఎడం ఉంచాలి. పెదవి వైపు 2 మిల్లీమీటర్ల ఎముక మిగిలితే మంచిది. అది పలచబడితే కొన్నేళ్ళకు చిగురు జారి, నవ్వినప్పుడు లోహం నీడ బయటపడుతుంది.

ఎముక సాంద్రత సంగతి వేరే. అమెరికా డాక్టరు కార్ల్ మిష్ డ్రిల్ చేతికి తగిలే తీరును బట్టి దవడ ఎముకను నాలుగు తరగతులు చేసి, ఓక్ చెక్క, పైన్ చెక్క, బాల్సా చెక్క, థర్మకోల్ అని పోలికలు చెప్పాడు. మన వడ్రంగి అయితే టేకు, వేప, బూరుగు అంటాడేమో. పై ముందు పళ్ళ దగ్గర సాధారణంగా దొరికేది మూడో రకం. పైన పలచటి పెంకు, లోపల సన్నని ఎముక కమ్ములు అల్లుకున్న వల, వల మధ్య మజ్జ. గొర్రె తుంటి ఎముకను ఎంచుకున్నది ఈ పోలిక కోసమే.

ఇక్కడ మన ప్రాంతం మాట ఒకటి చెప్పాలి. మనదేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను వర్ణించిన తొలి పరిశోధన 1937 నాటిది. షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో చేసిన ఆ పరిశీలన మనకు దూరం కాని పొదిలి ప్రాంతం గురించి. పల్నాటి ఊళ్ళలోనూ ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్ళు తాగి పెరిగినవాళ్ళున్నారు. ఫ్లోరైడ్ ఎముకకు పడితే ఎముక దట్టంగా, కానీ పెళుసుగా తయారవుతుంది. అందుకే ఈ డాక్టరు స్కాన్ తీయకముందే "ఏ ఊరండీ మీది, చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగారు?" అని అడుగుతాడు. మొదటిసారి విన్నప్పుడు పలకరింపు అనుకున్నాను. అది పరీక్షలో భాగం.

మొదటి గుంత మామూలు డ్రిల్‌తో. దాని అసలు నేర్పు డ్రిల్ తిరగకముందే మొదలవుతుంది. గుండ్రటి చిన్న బర్‌తో ఎముక పెంకు మీద ఒక చుక్కంత గుంట చేశాడు. ఆ గుంట లేకపోతే తిరిగే మొన జారుతుంది, అదీ ఎప్పుడూ మెత్తటి వైపే జారుతుంది. ముందు పంటి చోట అంగిలి గోడ గట్టిది, పెదవి గోడ బలహీనం. కాబట్టి ఎంత నిటారుగా పట్టుకున్నా మొన పెదవి వైపుకు నెట్టుకుపోతుంది. చెక్కలో ముడి దగ్గర బర్మా పక్కకు తిరగడం వడ్రంగులు ఎరిగినదే. దీనికి విరుగుడుగా డాక్టరు మొదటి చుక్కను మధ్యలో కాకుండా అంగిలి వైపు పెట్టి, దిగుతున్నంతసేపూ మొనను అంగిలి గోడకే ఆనిస్తూ పోతాడు. చూసేవాడికి చెయ్యి కదిలినట్టే ఉండదు. ముంజేతిలో నరం ఒకటి బిగిసి ఉండటం గమనిస్తే తప్ప తెలియదు.

2 మిల్లీమీటర్ల పైలట్ డ్రిల్‌తో లోతూ దిశా ఖాయం చేశాడు. ఒక లోహపు కడ్డీని గుంతలో నిలబెట్టి, రెండు వైపుల నుంచీ చూసి, వాలు సరిపోయిందో లేదో చూసుకున్నాడు. తర్వాత 2.8, ఆ తర్వాత 3.2. నిమిషానికి వెయ్యి చుట్ల దరిదాపు వేగం. సెలైన్ ధార ఆగకుండా పడుతూనే ఉంటుంది. ఒక్కసారిగా దించడు. దించుతాడు, పైకి లాగుతాడు, మళ్ళీ దించుతాడు. పైకి లాగినప్పుడు డ్రిల్ గాళ్ళలోని ఎముక రవ్వ బయటికి వస్తుంది, నీళ్ళు అడుగుదాకా దిగుతాయి. ఈ నీళ్ళ వెనక ఒక అంకె ఉంది. ఎముక 47 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక నిమిషం ఉంటే దెబ్బతింటుందని 1983లో స్వీడన్ పరిశోధకులు ఎరిక్సన్, ఆల్‌బ్రెక్ట్‌సన్ కుందేళ్ళ మీద చూపించారు. మన ఒంటి వేడికీ దానికీ మధ్య ఉన్నది పది డిగ్రీలు. మొద్దుబారిన డ్రిల్, ధార తప్పిన నీళ్ళు, ఆత్రపు చెయ్యి, ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా ఆ పది డిగ్రీలనూ దాటించగలదు. ఒక్కో డ్రిల్ ఎన్ని గుంతలు తవ్విందో అతను ఒక పుస్తకంలో గీతలు పెట్టుకుంటాడు. లెక్క నిండిన డ్రిల్ పదునుగానే కనిపించినా పక్కన పెట్టేస్తాడు.

గాళ్ళలోంచి రాలిన తెల్లటి రవ్వను నా ముందున్న చిన్న గిన్నెలో పోశాడు. నేను లెక్క వేశాను. 3.2 మిల్లీమీటర్ల వ్యాసం, 11.5 మిల్లీమీటర్ల లోతు అంటే దాదాపు 92 ఘనపు మిల్లీమీటర్ల చోటు. అందులో ఉన్న ఎముకంతా ఆ గిన్నెలోకి వచ్చేసింది. గట్టి ఎముకలో అది నష్టం కాదు. మెత్తటి ఎముకలో మాత్రం ఉన్నదే తక్కువ, అందులోంచి తీసేశాం. దీనికి డ్రిల్‌తోనే ఒక తేలిక ఉపాయం ఉంది. చివరి డ్రిల్ వాడకుండా గుంతను ఒక సైజు ఇరుకుగా వదిలేసి, మరమేకునే దారి చేసుకోనివ్వడం. కొత్త పనిముట్టేదీ కొననక్కర్లేదు. ఎందరో డాక్టర్లు రోజూ చేసే పని ఇదే, చాలా నోళ్ళలో ఇదే సరిపోతుంది కూడా.

రెండో గుంత ఆస్టియోటోమ్‌లతో. ఇవి కొస సన్నగా, పోను పోను లావెక్కే ఉక్కు కడ్డీలు, ఒంటి మీద మిల్లీమీటర్ల గీతలు. అమెరికాలో రాబర్ట్ సమ్మర్స్ 1994లో ఈ పద్ధతిని వివరించాడు. పైలట్ రంధ్రం ఒక్కటే డ్రిల్‌తో చేసి, ఆపైన కడ్డీని అందులో పెట్టి చిన్న సుత్తితో తడతారు. కడ్డీ దిగుతుంది, కమ్ములు పక్కలకు ఒరిగి ఒకదాని మీద ఒకటి పడతాయి. గుంజ దిగ్గొట్టడమే ఇది. ఒక కడ్డీకీ మరో కడ్డీకీ మధ్య డాక్టరు సుత్తి కింద పెట్టి నిమిషంసేపు ఊరుకున్నాడు. ఎముకకు సాగే గుణం కొంత ఉంది, దానికి వ్యవధి ఇస్తే ఒదుగుతుంది, ఇవ్వకపోతే చిట్లుతుంది. శబ్దం కూడా మారుతుంది. మెత్తగా, బొంగురుగా ఉన్న చప్పుడు గట్టి చోటు తగలగానే కంచులా మోగుతుంది. దుర్గిలో రాయి చెక్కేవాళ్ళను చూసినవారికి ఉలి కింద ఈ శబ్దభేదం కొత్త కాదు. రెండో గుంతకు గిన్నెలో దాదాపు ఏమీ పడలేదు. అయితే దెబ్బ దెబ్బే. పెదవి వైపు గోడ పలచగా ఉన్న చోట ఒక్క దెబ్బ ఎక్కువైనా చీలిక వస్తుంది. మెలకువగా ఉన్న మనిషి పై దవడ మీద సుత్తి దెబ్బలు పడితే లోపలి చెవిలోని సున్నపు కణాలు చోటు తప్పి, లేచి కూర్చోగానే లోకం గిర్రున తిరగడం కొందరికి జరుగుతుంది. నాకు ఈ పద్ధతిలోని చేతిపని నచ్చింది. మా మేనల్లుడి నోట్లో మాత్రం వద్దనిపించింది.

మూడోది పీజో. 1880లో క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. దాన్ని తిరగేస్తే, విద్యుత్తు ఇస్తే స్ఫటికం సాగుతుంది, ముడుచుకుంటుంది. ముప్పై ఏళ్ళు తరగతిలో ఒక పేరాగా చెప్పిన ఈ సంగతి ఆ చేతి పరికరంలో పని చేస్తుంటే మొదటిసారి చూశాను. ఇటలీ డాక్టరు టొమాసో వెర్సెలొట్టి దీన్ని దవడ ఎముక పనికి తీర్చిదిద్దాడు. మొన తిరగదు. సెకనుకు పాతిక వేలకు పైగా సార్లు, మిల్లీమీటరులో పదో వంతు దూరం అటూ ఇటూ అదురుతుంది. గట్టి ఎముక ఆ అదురును తట్టుకోలేక రవ్వరవ్వగా విడిపోతుంది. మెత్తటి కండ మొనతో పాటే ఊగి తప్పించుకుంటుంది. డాక్టరు ముందు ఒక కోడిగుడ్డు తీసుకుని, పెంకు మీద నాణెమంత వలయం కోసి, ఆ బిళ్ళను పట్టకారుతో ఎత్తాడు. లోపలి పలచటి పొర చెక్కు చెదరకుండా తడిగా మెరుస్తోంది. పీజో నేర్చుకునేవాళ్ళు మొదట చేసే అభ్యాసం అదేనట.

ఎముకలో అది దిగే వేగం చూస్తే ఓపిక కావాలి. గట్టిగా నొక్కితే అదురు తగ్గి వేడి పెరుగుతుంది, కాబట్టి బలం ఉపయోగించకూడదు. పెన్సిలు పట్టుకున్నట్టు పట్టుకుని, గీస్తున్నట్టు కదిలించాలి. దీని గొప్ప గుణం మొన జారకపోవడం. వాలిన గోడ మీద కూడా పెట్టిన చోటే ఉంటుంది. గుంత దిశ పెదవి వైపు తప్పిందని మధ్యలో తెలిస్తే అంగిలి గోడను మాత్రమే గీకి దారి మళ్ళించవచ్చు. తిరిగే డ్రిల్‌కు అది చేతకాదు.

నాలుగో దాని కోసమే ఈ ఆదివారం. చూడటానికి డ్రిల్ లాగే ఉంటుంది, గాళ్ళు మాత్రం ఎక్కువ. అమెరికాలో మిషిగన్‌కు చెందిన సలా హువాయిస్ రూపొందించిన డెన్సా బర్. దీన్ని సవ్య దిశలో తిప్పితే అన్ని డ్రిల్లుల్లాగే కోస్తుంది. అపసవ్య దిశలో తిప్పితే కొయ్యదు. అంచు కోణం అలా చెక్కారు. వెనక్కి తిరిగేటప్పుడు పదును ముందుకు రాదు, గాళ్ళ వీపు ఎముకను రాస్తూ పోతుంది. తాపీ మేస్త్రి కర్ణె వీపుతో సున్నం రుద్దినట్టు. నిమిషానికి 800 నుంచి 1,500 చుట్లు, నీళ్ళు పుష్కలంగా, చెయ్యి మాత్రం పైకీ కిందికీ ఊపుతూనే ఉంటుంది. ఈ ఊపులో ఒక తెలివి ఉంది. బర్ కిందికి దిగినప్పుడు అడుగున ఉన్న నీరూ మజ్జా పక్కలకు నొక్కుకుపోయి కమ్ముల వలలోకి చొరబడతాయి, వాటి వెంట రాలిన ఎముక రవ్వ కూడా. పైకి లేచినప్పుడు తాజా నీళ్ళు వస్తాయి. తవ్విన ఎముకే గోడకు మెత్తుడుగా మారుతుంది. సుత్తి దెబ్బ లేదు. ఎముక ఎదురు నెట్టడం చేతికి వెంటనే తెలుస్తుంది, డాక్టరు అక్కడే చెయ్యి తేలిక చేస్తాడు.

పైలట్, 2.3, 3.0. అంతే. గిన్నెలో చిటికెడు తడి తప్ప ఏమీ లేదు. "ఇప్పుడు చూడండి మాస్టారూ" అని, ఆపేసిన 3.0 బర్‌ను అదే గుంతలో వేళ్ళతో పెట్టబోయాడు. సగంలో ఆగింది. దాన్ని చేసిన బరే దానిలో పట్టడం లేదు. ఒత్తి పక్కకు జరిపిన ఎముక, ఒత్తిడి తీయగానే స్ప్రింగులా కొంచెం వెనక్కి వచ్చింది. అక్కడ బర్‌కు బదులు మరమేకు ఉంటే ఆ వెనక్కి వచ్చే బలమంతా దాన్ని బిగిస్తుంది. హువాయిస్, ఆయన సహపరిశోధకుడు మేయర్ పంది ఎముకల మీద చేసి 2017లో అచ్చువేసిన పరీక్షలో ఇలా చేసిన గుంతల్లో మరమేకు బిగించడానికి మామూలు డ్రిల్ గుంతలతో పోలిస్తే రెట్టింపుకు దగ్గరగా తిప్పుడు బలం కావలసి వచ్చింది.

తర్వాత సన్నని రంపంతో ఎముకను నాలుగు గుంతల మధ్యగా నిలువునా కోసి, కడిగి, భూతద్దం నా చేతికిచ్చాడు. మొదటి గుంత గోడ నున్నగా, నిటారుగా ఉంది. కమ్ములు తెగిన చోట చిన్న చిన్న మొండాలు. రెండోదానిలో ఎముక దట్టపడింది కానీ ఒకే తీరుగా కాదు, ఒక పక్క పేరుకుపోయి, ఇంకో పక్క పలచగా. అడుగున వెంట్రుకవాసి పగుళ్ళు రెండు. మూడోది అన్నిటికంటే శుభ్రం. జల్లెడ కళ్ళలా ప్రతి రంధ్రమూ తెరుచుకుని ఉంది. నాలుగోదాని చుట్టూ, అడుగున కూడా, గిన్నె లోపలి కళాయిలా తెల్లటి పొర.

నాలుగోదే గెలిచిందని చెప్పబోయాను. డాక్టరు ఆపాడు. "ఇది చచ్చిన ఎముక మాస్టారూ. దీనికి రక్తం లేదు." నిజమే. బతికిన ఎముకలో ఒత్తి మెత్తిన పొరను శరీరం మళ్ళీ కదిలించి, కొత్తగా కట్టుకోవాలి. ఒత్తిడి హద్దు దాటితే అక్కడి సన్నని రక్తనాళాలు మూసుకుపోయి, పట్టుకున్న ఎముకే కరుగుతుంది. మూడో గుంతలో తెరుచుకున్న రంధ్రాలు వైస్‌లో బలహీనతగా కనిపిస్తాయి, నోట్లో అవే రక్తం వచ్చే ద్వారాలు. ఇటలీలో డ్రిల్లునూ పీజోనూ పోల్చిన ఒక పరిశీలనలో, పీజో గుంతల్లో ఆ మూడు నాలుగు వారాల దిగుడు తక్కువగా కనిపించింది. డెన్సా పద్ధతి తొలిరోజు పట్టును పెంచుతుందని మనుషుల మీద జరిగిన పోలికలూ చెబుతున్నాయి. ఏళ్ళ తరబడి నిలవడంలో మాత్రం, డ్రిల్‌తో జాగ్రత్తగా తవ్విన గుంతలకూ వీటికీ పెద్ద తేడా తేలలేదు.

నేను గ్రహించింది ఇది. పై ముందు పంటి దగ్గర ఏ పద్ధతి గొప్పదని అడగడమే పొరపాటు. అక్కడ ఒకే గుంతకు రెండు నేలలు ఉన్నాయి. అంగిలి వైపూ, అడుగూ ఒత్తిడిని భరిస్తాయి, పట్టు అక్కడే సంపాదించుకోవాలి. పెదవి గోడను ఒత్తకూడదు, దాని జోలికే పోకూడదు. ఆ రెంటినీ వేరువేరుగా చూడగలిగిన చెయ్యి ఏ పనిముట్టు పట్టినా మంచి గుంతే తవ్వుతుంది. చూడలేని చేతిలో నాలుగో బర్ మొదటి డ్రిల్ కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది, ఎందుకంటే దానికి గోడను నెట్టే బలం ఉంది.

పది రోజులకు మేనల్లుడి వంతు వచ్చింది. స్కాన్‌లో దవడ మందం 6.5 మిల్లీమీటర్లు, వేసేది 3.5 ఇంప్లాంట్. మిగిలే 3 మిల్లీమీటర్లలో 2 పెదవి వైపు, 1 అంగిలి వైపు ఉండేలా డాక్టరు గీత గీసుకున్నాడు. పిల్లవాడిది సాగర్ కాలవ నీళ్ళ ఊరు, ఎముక మామూలుదే. మత్తు ఇచ్చాక పీజో మొనతో అంగిలి వైపు మొదటి చుక్క పెట్టాడు, జారకుండా. పైలట్ మామూలు డ్రిల్. కడ్డీ నిలబెట్టి చిన్న ఎక్స్‌రే తీశాడు. తర్వాత డెన్సా 2.3, 3.0, వెనక్కి తిప్పుతూ, భారం అంగిలి వైపే ఉంచుతూ. సుత్తి బయటికే తీయలేదు.

మరమేకును నిమిషానికి పాతిక చుట్ల వేగంతో దించాడు. చివర్లో చేతి రెంచి. ముల్లు 35 న్యూటన్ సెంటీమీటర్ల గీత దాటి ఆగింది. అంటే ఒక సెంటీమీటరు పొడవున్న పిడి చివర మూడున్నర కిలోలు వేలాడదీసినా అది ఇక తిరగదు. ఆపైన దాని తలలో అయస్కాంతమున్న చిన్న మేకు బిగించి, ముట్టుకోకుండా పరికరం పక్కన పెట్టాడు. అయస్కాంత తరంగంతో మేకు కంపిస్తుంది, ఆ కంపన వేగాన్ని 1 నుంచి 100 వరకున్న అంకెగా చూపిస్తుంది. బల్ల అంచున స్కేలు నొక్కిపట్టి మీటితే, ఎంత గట్టిగా నొక్కితే అంత సన్నటి మోత వస్తుందని పిల్లలకు చూపించేవాణ్ణి. సూత్రం అదే. అంకె 68 వచ్చింది. 70 దాటితే నిశ్చింత, 60 లోపైతే ఆలోచించాలి.

అదే సాయంత్రం తాత్కాలిక పన్ను పెట్టాడు. కింది పళ్ళకు తగలకుండా కాస్త పొట్టిగా అరగదీసి మరీ పెట్టాడు. "నాలుగో వారం దాకా జామకాయ కొరకొద్దురా, ఆ పన్ను కనిపించడానికే గానీ తినడానికి కాదు" అని వాడికి రెండుసార్లు చెప్పాడు. నాలుగో వారంలో అంకె 64కి దిగింది. నాకు గుండె జారింది, అతను మాత్రం అనుకున్నట్టే ఉందన్నాడు. పన్నెండో వారంలో 74. ఆ తర్వాత అసలు పన్ను బిగించాడు.

ఇంప్లాంట్ వేయించుకునేవాళ్ళు కంపెనీ పేరూ, ధరా తప్పకుండా అడుగుతారు. నా ఎముక ఏ రకం, గుంత ఎలా చేస్తారు, పెదవి వైపు ఎంత మిగులుతుంది అని కూడా అడగండి. మేనల్లుడికి ఇంప్లాంట్ వేసిన రోజు నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. ఇంప్లాంట్ దిగడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. గుంతకు ఇరవై మూడు నిమిషాలు పట్టింది.